చివరి రెండు వారాలు టెస్టింగ్‌కి చాలుతాయా? మందుల హోల్‌సేల్ బిల్లింగ్ ప్రాజెక్టు, టెస్ట్ ప్లాన్ ఎలా రాయాలి

బెజవాడ_టెస్టర్
అందరికీ నమస్తే. మాది చిన్న టీమ్. ఆరుగురు డెవలపర్లు, టెస్టింగ్‌కి నేనూ ఇంకో అమ్మాయీ. మెడికల్ డిస్ట్రిబ్యూటర్లకి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ కొత్తగా రాస్తున్నాం, పాత డెస్క్‌టాప్ వెర్షన్ తీసేసి వెబ్‌కి మారుస్తున్నారు. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ, పదికి ఒకటి ఫ్రీ లాంటి స్కీములు, ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు), ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి కావాల్సిన పత్రం) అన్నీ ఉండాలి. మొత్తం పన్నెండు వారాలు. మేనేజర్ గారు షీట్‌లో పది వారాలు డెవలప్‌మెంట్, చివరి రెండు వారాలు టెస్టింగ్ అని వేసి, ఆ రెండు వారాలకి టెస్ట్ ప్లాన్ రాసి సోమవారానికి పంపమన్నారు. నెట్‌లో దొరికిన టెంప్లేట్ తెరిస్తే నలభై పేజీలు, సగం హెడింగుల కింద ఏం రాయాలో కూడా అర్థం కాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు వారాలు చాలవని గొడవ పడకుండా ఎలా చెప్పాలి?

మైత్రీవనం_సీనియర్
ముందు ఆ టెంప్లేట్ మూసెయ్యమ్మా. అలాంటి హెడింగులన్నీ 1983లో వచ్చిన ఐఈఈఈ 829 అనే ప్రమాణం నుంచి పాకుతూ వచ్చినవి, దాని స్థానంలో ఇప్పుడు 29119 ఉంది. విమానాలకో వైద్య పరికరాలకో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి అవి కావాలి, ఆడిట్ ఉంటుంది కాబట్టి. మీకు నాలుగు పేజీలు చాలు, కానీ ఆ నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం కూడా ఊరికే ఉండకూడదు. ఏం టెస్ట్ చేస్తాం, ఏం చెయ్యం, ఎవరు ఎప్పుడు చేస్తారు, దేని మీద చేస్తారు, ఏ పరిస్థితిలో రిలీజ్ ఆపుతాం, ఆపే అధికారం ఎవరిది. ఇంతే. "చెయ్యం" అన్న లిస్టు అందరూ వదిలేస్తారు, మేనేజర్ మొదట చదివేది మాత్రం అదే.

ఇక రెండు వారాల సంగతి. రెండు వారాలంటే పది పని దినాలు. మీ మేనేజర్ లెక్కలో టెస్టింగ్ అంటే ఒక్కసారి మొత్తం నడిపించి చూడటం. నిజంగా జరిగేది ఏమిటంటే మొదటి రౌండ్‌లో బగ్స్ దొరుకుతాయి, వాటిని డెవలపర్లు సరిచేస్తారు, కొత్త బిల్డ్ (సరిచేసిన వెర్షన్) వస్తుంది, సరిచేసినవి మళ్లీ చూడాలి, సరిచేసేటప్పుడు ఇంకేమైనా చెడిందేమో మిగతాదీ చూడాలి, అప్పుడు ఇంకొన్ని బయటపడతాయి. మూడు రౌండ్ల కంటే తక్కువకి ఒప్పుకోకు. గొడవ అక్కర్లేదు, ఒకే ఒక్క ప్రశ్న అడుగు: "సర్, ఈ షీట్‌లో బగ్ ఫిక్సింగ్ రోజులు ఎక్కడున్నాయి?" పదకొండో వారంలో డెవలపర్లని వేరే ప్రాజెక్టుకి వేసేసి ఉంటారు, చూడు.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల మీద పుస్తకం రాసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే తన లెక్క చెప్పాడు, షెడ్యూల్‌లో మూడో వంతు ప్లానింగ్, ఆరో వంతు కోడింగ్, మిగిలిన సగం టెస్టింగ్. ఇప్పుడు అంత అక్కర్లేదు, టూల్స్ మారాయి, కానీ పన్నెండింటిలో రెండు అనేది మాత్రం ఎవరి లెక్కా కాదు.

కోడ్_కాపరి
డెవలపర్ వైపు నుంచి మాట్లాడుతున్నా, తిట్టుకోకండి. అసలు "టెస్టింగ్ ఫేజ్" అనే ఆలోచనే తప్పు. మేం రెండు వారాల స్ప్రింట్లు (చిన్న విడతలు) నడుపుతాం, కోడ్‌తో పాటు యూనిట్ టెస్టులు (ఒక్కో ముక్కని పరీక్షించే చిన్న ప్రోగ్రాములు) వెళ్తాయి, కమిట్ చేయగానే అవన్నీ నడుస్తాయి, పడిపోతే మెయిన్ కోడ్‌లో మెర్జ్ కాదు. టెస్ట్ ప్లాన్ అని డాక్యుమెంట్ రాసి షేర్ డ్రైవ్‌లో పడేస్తే మళ్లీ దాన్ని తెరిచి చూసినవాళ్లని నేను చూడలేదు. ప్లాన్ రాసే ఆ నాలుగు రోజులూ టెస్టులే రాయొచ్చు కదా.

మైత్రీవనం_సీనియర్
తమ్ముడూ, నీ యూనిట్ టెస్ట్ నువ్వు అర్థం చేసుకున్నది నువ్వు రాశావా లేదా అని చూస్తుంది. నువ్వు అర్థం చేసుకున్నదే తప్పయితే కోడూ తప్పే, టెస్టూ తప్పే, రెండూ పాసైనట్టు పచ్చగా వెలుగుతాయి. మిగతాదంతా ఒప్పుకుంటా, ఫేజ్ అనేది ఉండకూడదు. కానీ ఫేజ్ లేనప్పుడే ప్లాన్ ఎక్కువ కావాలి, ఎందుకంటే ఎప్పుడు ఏది చూస్తున్నారో ఎవరికీ గుర్తుండదు.

అంకెల_పిచ్చి
నేను టెస్టర్‌ని కాదు, అకౌంట్స్ మనిషిని, ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనే వైపు ఉంటాను. పైన "అర్థం చేసుకున్నదే తప్పయితే" అన్నారు కదా, దానికి మందుల బిల్లింగ్ కంటే మంచి ఉదాహరణ లేదు.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ రేట్ల మార్పు ప్రకటించారు, 22 నుంచి అమలు. మందులు చాలావరకు 12 శాతం నుంచి 5కి వచ్చాయి, 33 ప్రాణరక్షక మందులు సున్నాకి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి దొరికింది మూడు వారాల లోపే. రేటు మార్చడం ఏముంది, మాస్టర్‌లో 12 తీసి 5 పెట్టడమే కదా అని కొందరు నిజంగా అలాగే చేశారు. పాత బిల్లు మీద సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ పాత రేటుతోనే పోవాలి, అంటే రేటు మందుకి కాదు, మందుకీ తేదీకీ కలిపి ఉండాలి. ఇది స్క్రీన్ మీద దొరికే బగ్ కాదు, డిజైన్‌లో పుట్టిన బగ్. చివరి రెండు వారాల్లో దొరికితే టేబుల్ నిర్మాణమే మార్చాలి.

ఇంకోటి. రేటు మారే తేదీకి అటూ ఇటూ పడిన లావాదేవీలకి చట్టంలో సెక్షన్ 14 ఉంది. సరుకు వెళ్లిన తేదీ, ఇన్వాయిస్ తేదీ, డబ్బు వచ్చిన తేదీ, ఈ మూడింటిలో రెండు ఏ వైపు పడితే ఆ వైపు రేటు. మూడు విషయాలు, ఒక్కోటి ముందో తర్వాతో, మొత్తం ఎనిమిది గడులు. ఆ ఎనిమిదీ కాగితం మీద గీసి మీ సీఏ చేత నింపించండి. ముఖ్యంగా డబ్బు ముందే వచ్చిన గడులు, ఎందుకంటే సరుకుల అడ్వాన్సుల మీద 2017 నవంబర్ నాటి నోటిఫికేషన్ వేరేగా ఉంది, అక్కడ డెవలపరో టెస్టరో సొంతంగా తేల్చుకోకూడదు.

బెజవాడ_టెస్టర్
అమ్మో, ఇది మా రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఒక్క లైన్‌గా ఉంది, "జీఎస్టీ నిబంధనల ప్రకారం పన్ను లెక్కించాలి" అని.

మైత్రీవనం_సీనియర్
అదిగో నీ ప్లాన్‌లో మొదటి వారం పని. ఆ ఒక్క లైన్ పట్టుకుని కూర్చుని ఉదాహరణలు రాయడం. "విజయవాడ డీలర్ హైదరాబాద్ షాపుకి 48 వేల సరుకు పంపాడు, ఎంత పన్ను, ఏ పన్ను, ఈ-వే బిల్లు కావాలా వద్దా" అన్నట్టు అంకెలతో రాయి. ఎదురుగా జవాబు సీఏ గారితో రాయించు, సంతకం పెట్టించు. కోడ్ మొదలవకముందే అవి డెవలపర్ల చేతికిచ్చెయ్యి. దాచిపెట్టి చివర్లో "పట్టేశా" అనడానికి ఇదేమీ పరీక్ష పేపర్ కాదు. ఇచ్చాక సగం బగ్స్ అసలు పుట్టవు.

అంకెల_పిచ్చి
ఆ 48 వేల ఉదాహరణ బాగుంది, చాలామంది అక్కడే పడతారు. ఈ-వే బిల్లు కన్‌సైన్‌మెంట్ విలువ 50 వేలు దాటితే కావాలి, ఆ విలువలో పన్ను కూడా కలుస్తుంది. 48,000కి 5 శాతం కలిపితే 50,400, కాబట్టి కావాలి. పన్ను కలపకుండా చూసే కోడ్ "అక్కర్లేదు" అంటుంది. దానికి తోడు, ఒకే బిల్లులో పన్ను ఉన్నవీ మినహాయింపు ఉన్నవీ కలిసి ఉంటే మినహాయింపు సరుకు విలువ తీసేసి చూడాలి. మందుల్లో ఇప్పుడు సున్నా రేటువి వచ్చాయి కాబట్టి ఈ కేసు రోజూ తగులుతుంది.

పైసల సంగతి కూడా. 100.10 మీద 5 శాతం లెక్కేసి రౌండ్ చేస్తే 5.01. రెండున్నర శాతం చొప్పున సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) విడిగా లెక్కేసి రౌండ్ చేస్తే 2.50, 2.50, మొత్తం 5.00. ఒక్క పైసా. ఒక్క బిల్లుకి ఎవరూ పట్టించుకోరు, నెలాఖరున వేల బిల్లుల మీద లెడ్జర్ టాలీ కానప్పుడు మా ప్రాణం పోతుంది.

కోడ్_కాపరి
సరే, ఈ పైసా కేసు నిన్ననే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది 😅 ఇలాంటివి ఇస్తే నేనే యూనిట్ టెస్టుల్లో పెట్టేస్తా, క్యూఏ (టెస్టింగ్ టీమ్) దాకా రానక్కర్లేదు.

గచ్చిబౌలి_బాటసారి
మా దగ్గర మేనేజర్ "మొత్తం ఆటోమేట్ చెయ్యండి, అప్పుడు రెండు వారాలు కూడా అక్కర్లేదు" అంటాడు. అమీర్‌పేటలో సెలీనియం (ఆటోమేషన్ టూల్) కోర్సు చేసిన ఫ్రెషర్‌ని ఒకడిని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆటోమేషన్‌ని ప్లాన్‌లో ఎంత రాయాలి?

మైత్రీవనం_సీనియర్
ఏది మారదో అది ఆటోమేట్ చెయ్యాలి. కొత్త ప్రాజెక్టులో మొదటి ఎనిమిది వారాలు స్క్రీన్లు మారుతూనే ఉంటాయి, ఇవాళ రాసిన స్క్రిప్ట్ ఎల్లుండి విరుగుతుంది, పాపం ఆ కుర్రాడు రోజంతా స్క్రిప్టులు సరిచేస్తూ కూర్చుంటాడు, కొత్తగా ఒక్క బగ్ కూడా పట్టడు. పన్ను లెక్కలు, స్కీము లెక్కలు, స్టాక్ కూడికలు ఏపీఐ స్థాయిలో (స్క్రీన్‌తో పనిలేకుండా నేరుగా ప్రోగ్రామ్‌తో) ఆటోమేట్ చేయించు, పైన చెప్పిన సీఏ షీట్‌నే ఇన్‌పుట్‌గా ఇచ్చి. వందల కేసులు నిమిషాల్లో నడుస్తాయి, బటన్ ఎక్కడికి జరిగినా వీటికి పట్టదు. స్క్రీన్ మీద మాత్రం లాగిన్, ఒక బిల్లు, ఒక రిటర్న్, ఒక ప్రింట్, ఇలా నాలుగైదు దారులు చాలు, స్మోక్ టెస్ట్‌గా, అంటే బిల్డ్ అసలు నడుస్తోందా అని త్వరగా చూసుకోవడానికి. అది పడిపోతే బిల్డ్ వెనక్కి పంపేస్తామని ప్లాన్‌లో రాసుకోండి, లేకపోతే సాయంత్రం ఆరింటికి పాడైన బిల్డ్ ఇచ్చి "రాత్రికి చూసేయండి" అంటారు.

లీడ్స్_నుంచి
ఆలస్యంగా వచ్చాను. ఇక్కడ ఇంగ్లండ్‌లో టెస్టింగ్ ప్లానింగ్ గురించి మాట్లాడితే అందరూ చెప్పుకునే కేసు ఒకటుంది, తెలియనివాళ్ల కోసం. టీఎస్‌బీ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో 52 లక్షల ఖాతాదారుల డేటాని పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి ఒక వారాంతంలో మార్చింది. డేటా బాగానే మారింది, కానీ సిస్టమ్ నిలబడలేదు. లక్షల మందికి ఆన్‌లైన్ ఖాతాలు తెరుచుకోలేదు, పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబర్ వచ్చింది. నియంత్రణ సంస్థలు 2022 డిసెంబర్‌లో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి, మరుసటి ఏడాది అప్పటి ఐటీ అధిపతికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్లు.

స్వతంత్ర విచారణ నివేదికలో నన్ను పట్టుకున్నవి రెండు. ఒకటి, ముగింపు తేదీ ముందు ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ప్లాన్ వేశారు. దాంతో ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన టెస్టింగ్ దశలు పక్కపక్కనే నడిచాయి. రెండోది, రెండు డేటా సెంటర్లు కలిసి పనిచేసేలా కట్టి, లోడ్ టెస్టింగ్ (ఒకేసారి ఎక్కువమంది వాడితే తట్టుకుంటుందా అని చూడటం) మాత్రం ఒకదాని మీదే చేశారు. టెస్టులు చెయ్యక కాదు, చాలానే చేశారు. అసలు నడవబోయే చోట చెయ్యలేదు.

బెజవాడ_టెస్టర్ గారూ, మీ ప్లాన్‌లో ఎన్విరాన్‌మెంట్ (సాఫ్ట్‌వేర్ నడిచే మెషీన్లు, నెట్ లాంటివి) గురించి ఎవరూ అడగలేదు. మీ డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఏముంది?

బెజవాడ_టెస్టర్
చాలాచోట్ల పాత కంప్యూటర్లు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు అండి. కొందరు ముందే అచ్చేయించిన బిల్లు కాగితం వాడతారు, వరసలు జరిగితే అంకెలు గళ్ల బయట పడతాయి. నెట్ కూడా వచ్చిపోతూ ఉంటుంది. మా ఆఫీసులో అన్నీ కొత్త ల్యాప్‌టాప్‌లే, ప్రింట్ పీడీఎఫ్‌లో చూస్తున్నాం.

లీడ్స్_నుంచి
అయితే ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, ఒక పాత మెషీన్ మూడో వారానికల్లా ఆఫీసుకి తెప్పించాలని ప్లాన్‌లో పేరూ తేదీతో రాయండి. కొనడానికి అనుమతి, బిల్లు, కొరియర్, వీటికే వారాలు పోతాయి, టెస్టింగ్‌కి కాదు. నెట్ మధ్యలో పోతే ఏమవుతుందో కూడా. ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌కి బిల్లు వెళ్లింది, అక్కడ ఐఆర్‌ఎన్ (ఆ బిల్లుకి పోర్టల్ ఇచ్చే నంబర్) పుట్టింది, ఆ జవాబు మీ దగ్గరకి రాకముందే నెట్ పోయింది. యూజర్ మళ్లీ నొక్కుతాడు. అప్పుడేంటి?

అంకెల_పిచ్చి
అప్పుడు పోర్టల్ డూప్లికేట్ అంటుంది, ఎందుకంటే ఆ బిల్లు నంబర్‌తో ఐఆర్‌ఎన్ ఇప్పటికే ఉంది. సాఫ్ట్‌వేర్ ఆ పాత ఐఆర్‌ఎన్‌ని వెనక్కి తెచ్చుకోవాలి. కొన్ని ఏం చేస్తాయంటే ఎర్రర్ చూపించి ఊరుకుంటాయి, యూజర్ కంగారుపడి కొత్త నంబర్‌తో ఇంకో బిల్లు కొడతాడు, ఒకే సరుకుకి రెండు బిల్లులు. రద్దు చేద్దామంటే 24 గంటల లోపే, అది కూడా రద్దయిన నంబర్ మళ్లీ వాడుకోవడానికి లేదు. శనివారం సాయంత్రం జరిగి సోమవారం చూసుకుంటే అయిపోయింది.

బెజవాడ_టెస్టర్
ఇంకో డౌట్. టెస్ట్ డేటాకి క్లయింట్ తన పాత సిస్టమ్ బ్యాకప్ ఇస్తానంటున్నాడు. నిజమైన డేటా కదా, మంచిదే అనుకుంటున్నాం.

గచ్చిబౌలి_బాటసారి
జాగ్రత్త. అందులో షాపుల యజమానుల ఫోన్ నంబర్లు, బాకీలు అన్నీ ఉంటాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని సంగతి అలా ఉంచినా, టెస్ట్ సర్వర్ నుంచి "మీ బాకీ 3,40,000" అని నిజమైన షాపుకి ఎస్‌ఎంఎస్ పోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పేర్లు, నంబర్లు, జీఎస్టీ నంబర్లు మార్చే స్క్రిప్ట్ ముందు రాయించాలి. మార్చేటప్పుడు ఇంకో చిక్కు, జీఎస్టీ నంబర్‌లో చివరి అక్షరం చెక్ డిజిట్, ఇష్టమొచ్చినట్టు మారిస్తే వాలిడేషన్‌లోనే పడిపోతుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37, అవి కదిపితే రాష్ట్రం లోపలి బిల్లు కాస్తా ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య పన్ను) బిల్లవుతుంది.

అంకెల_పిచ్చి
పాత బ్యాకప్ అంటే ఎక్కడైనా 28 కోడ్ కూడా కనిపించవచ్చు, అది విభజనకి ముందు ఆంధ్రప్రదేశ్‌ది. దొరికితే పారేయకండి, అదే మంచి టెస్ట్ కేసు.

కోడ్_కాపరి
నిజం చెప్పాలంటే చర్చ నేననుకున్న దారిలో పోలేదు. ఇవన్నీ ప్లాన్ అయితే నాకు అభ్యంతరం లేదు. నాకు చిరాకు తెప్పించేది "టెస్టింగ్ ఉద్దేశ్యం: నాణ్యత నిర్ధారించడం" లాంటి వాక్యాలున్న డాక్యుమెంట్లు.

ఒకటి మాత్రం నా వైపు నుంచి రాసుకోండి. ఇద్దరు ఒకేసారి ఒకే బ్యాచ్‌ని బిల్లు కొడితే స్టాక్ మైనస్‌లోకి పోతుందా అనేది మీరు చేత్తో పట్టలేరు, మేం స్క్రిప్ట్ రాసి ఇస్తాం. కానీ దానికి రెండు రోజులు కావాలి, ఆ రెండు రోజులు డెవలప్‌మెంట్ టైమ్‌లో టెస్టింగ్ పేరుతో రాసి ఉండాలి, లేకపోతే ఎవరూ ఇవ్వరు.

మైత్రీవనం_సీనియర్
శభాష్. ఇలాంటివే ప్లాన్‌లో ఉండాల్సినవి. టెస్టర్ల రోజులే కాదు, డెవలపర్లవి, సీఏ గారివి, క్లయింట్ దగ్గర యూఏటీకి (వాడేవాళ్లే చూసి ఒప్పుకునే టెస్టింగ్‌కి) కూర్చునే బిల్లింగ్ గుమాస్తావి కూడా. యూఏటీ అని రాస్తారు కానీ ఆ గుమాస్తా నెలాఖరు వారంలో నీకు దొరకడు, దొరికినా ఐదు నిమిషాలు చూసి బాగుందంటాడు. పెళ్లి భోజనాలు వడ్డించేటప్పుడు ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఏం చెబుతాడు. నెల మొదటి వారంలో పెట్టించు. అతని నిజమైన బిల్లులు ఒక రోజువి తెచ్చి రెండు సిస్టముల్లోనూ కొట్టించి పోల్చు.

రిలీజ్ ఆపే షరతు కూడా ఇప్పుడే రాయించుకో. పన్ను, స్టాక్, ఈ-ఇన్వాయిస్‌లో ఒక్క పెద్ద బగ్ ఉన్నా ఆగాలి. రిపోర్టులో రంగు, కాలమ్ వెడల్పు లాంటివి తెలిసిన లోపాల లిస్టుతో పోవచ్చు. చివరి రోజు ఈ మాట అంటే నువ్వు అడ్డుపడుతున్నట్టుంటుంది. మొదటి రోజు అంటే ఎవరికీ కోపం రాదు.

బెజవాడ_టెస్టర్
అప్‌డేట్. ప్లాన్ ఐదు పేజీలకి వచ్చింది, ఇవాళ మీటింగ్ అయింది. బగ్ ఫిక్సింగ్ రోజులు ఎక్కడ అని అడిగాను, సర్ కాసేపు షీట్ చూసి "అవి టెస్టింగ్‌లోనే కదా" అన్నారు, టీమ్ లీడ్ వెంటనే లేదు సర్ అన్నాడు, అక్కడి నుంచి మాట మారింది. తేదీ జరగదట, క్లయింట్‌కి చెప్పేశారు. బదులుగా రిపోర్టుల మాడ్యూల్‌లో సగం రెండో విడతకి తోశారు, ఏడో వారం నుంచి బిల్లింగ్, రిటర్న్స్ మాకు టెస్టింగ్‌కి ఇస్తారు, చివరి మూడు వారాలు డెవలపర్లలో నలుగురు ఉంటారు. సీఏ గారికి మాత్రం డబ్బులివ్వాలా అని ఇంకా ఆలోచిస్తున్నారు. ప్రింటర్‌కి ఓకే.

మైత్రీవనం_సీనియర్
తేదీ కదలనప్పుడు స్కోప్ తగ్గించడమే దారి, బాగానే తెచ్చుకున్నావు. సీఏ విషయం వదలకు, ఆ షీట్ లేకపోతే నీ ఆటోమేషన్ మొత్తం గాల్లో ఉంటుంది. ఒప్పుకోకపోతే "పన్ను లెక్కల సరైన జవాబులు ఎవరూ ధ్రువీకరించలేదు" అని రిస్కుల్లో రాసి, ఆ లైన్ పక్కన మేనేజర్ పేరు పెట్టి పంపు. డబ్బులొస్తాయి.

అంకెల_పిచ్చి
చివరగా ఒక కేసు. మార్చి 31 రాత్రి బిల్లు డ్రాఫ్ట్‌లో ఉంది, ఏప్రిల్ 1 పొద్దున ఫైనల్ చేశారు. ఏ సిరీస్ నంబర్ పడాలి? కొత్త ఆర్థిక సంవత్సరానికి సిరీస్ మొదటి నుంచి మొదలైతే ఆ నంబర్ సున్నాతో మొదలవుతోందా చూడండి, ఈ-ఇన్వాయిస్‌లో సున్నాతో మొదలయ్యే నంబర్ ఒప్పుకోదు. మొత్తం 16 అక్షరాలు దాటకూడదు కూడా.

బెజవాడ_టెస్టర్
మా వాళ్లు సున్నాలు ముందు పెట్టి ఆరంకెలు చేశారండి, ఇప్పుడే చూశాను 😬 టికెట్ వేసేశాను. డ్రాఫ్ట్‌కి నంబర్ ఇవ్వడం లేదట, ఫైనల్ చేసినప్పుడే ఇస్తున్నారట. రేపు బిల్డ్ వచ్చాక తేదీ మార్చి చూస్తాను.

కోడ్_కాపరి
సర్వర్ తేదీ మార్చాలి అక్కా, నీ ల్యాప్‌టాప్‌ది కాదు. ఇంకా రాని తేదీతో పంపితే ఈ-ఇన్వాయిస్ శాండ్‌బాక్స్ (టెస్టింగ్ కోసం ఇచ్చే పోర్టల్) తిప్పికొడుతుంది, ఆ ఒక్క కేసుకి పోర్టల్ బదులు జవాబిచ్చే డమ్మీ సర్వీస్ పెట్టించుకో.